ఒక్కసారే పూసే చెట్టు



వసంత పంచమి నాడు బాసరలో తెల్లవారకముందే పిల్లల ఏడుపులు మొదలవుతాయి. కొత్త బట్టలు గుచ్చుకుంటాయి, నిద్ర తీరి ఉండదు, చుట్టూ జనం. తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపుడు వేలు పట్టి బియ్యంలో ఓనమాలు దిద్దిస్తే, తల్లి కొత్త పలక, బలపం చేతిలో పెడుతుంది. గోదావరి ఇసుకతో వ్యాసుడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే జ్ఞాన సరస్వతి ముందు ఆ బిడ్డ చదువు అలా మొదలవుతుంది.

పలకలూ కాగితాలూ రాకముందు తెలుగువాళ్ల చదువంతా ఆకు మీదే నడిచింది. రోజువారీ రాతకు తాడి కమ్మ. కలకాలం దాచుకోవాల్సిన గ్రంథమైతే, దొరికినవాళ్లకు శ్రీతాళం. లేత కమ్మను కోసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఇనుప గంటంతో అక్షరం గీసి, పైన మసి పూసి తుడిచేవారు. గీతల్లో ఇంకిన నలుపు మాత్రం మిగిలేది. అసలు బడిపంతులు చేతిలో ఆడిన బెత్తం కూడా ఆ కుటుంబానిదే. బెత్తం అంటే అడవిలో ఇతర చెట్లను పట్టుకుని ఎగబాకే ముళ్ల తాళజాతి తీగ. రాసిన ఆకూ, రాయనివాడిని దండించిన కర్రా ఒకే ఇంటివన్నమాట.

ఆ ఇల్లు చాలా పెద్దది. ప్రపంచంలో దాదాపు 2,600 రకాల తాళజాతి చెట్లు ఉన్నాయి. ఉత్తర తెలంగాణ మనిషికి వాటిలో తాడి, ఈత పుట్టినప్పటి నుంచీ తెలుసు. కొబ్బరి, పోక పూజల్లోకి వస్తాయి. అడవి దారుల్లో మోకాలెత్తు చిట్టీత కనిపిస్తుంది. ఇవి కాక మిగతా రెండున్నర వేల రకాల వెంట పడి తిరిగేవాళ్లు ఈ లోకంలో కొందరున్నారు. గుప్పెడు గింజల కోసం ఖండాలు దాటి ఉత్తరాలు రాస్తారు. ఒక మొక్క మొదటి ఆకు విప్పడానికి మూడేళ్లు కాచుకుంటారు. వాళ్లంతా కలిసి 1956లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక సంఘం పెట్టుకున్నారు. అదే అంతర్జాతీయ పామ్ సొసైటీ. ఆ ఏడాదే మొదలైన వాళ్ల పత్రిక ఇప్పటికీ వస్తోంది.

ఒక చెట్టు కోసం ఇంత పిచ్చి దేనికి? దానికి సమాధానం చెట్టు కట్టుబడిలోనే ఉంది.

మామిడికి అంటు కట్టొచ్చు. గులాబీ కొమ్మ విరిచి గుచ్చినా వేరు పడుతుంది. తాడిచెట్టుకు అటువంటి దారి లేదు. నెత్తిన ఉండే ఒక్క మొవ్వే దాని ప్రాణం. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. తాళజాతిలో కొద్ది రకాలు పిలకలు వేస్తాయి గానీ, ఎక్కువ వాటికి గింజ ఒక్కటే దారి. ఆ గింజైనా దొరకాలంటే చాలా రకాల్లో ఆడచెట్టు, మగచెట్టు వేరువేరు కాబట్టి రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇది కల్లు గీసే గౌండ్లాయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోతు తాడికి ముంజలు కాయవు. ఇన్ని గండాలు దాటి గింజ చేతికొచ్చినా, వాన అడవుల తాళజాతి గింజలు చాలా వరకు కొన్ని వారాల్లోనే ఎండి చచ్చిపోతాయి. సంచిలో పోసి వచ్చే ఏడాదికి దాచుకుందామంటే కుదరదు.

ఎడారి ఖర్జూరం కథ మాత్రం వేరు. మన ఈతకు అది సొంత అక్క. ఇజ్రాయెల్‌లో మసాదా కోట శిథిలాల్లో దొరికిన దాదాపు 2,000 ఏళ్ల నాటి ఖర్జూర గింజను 2005లో నాటితే మొలిచింది. అది మగచెట్టయింది. ఆ తర్వాత అలాంటి పాత గింజల నుంచే ఒక ఆడచెట్టును పెంచి, మొదటి మగచెట్టు పుప్పొడితో కలిపితే 2020లో పండ్లు కాశాయి. అయితే ఇటువంటిది ఎడారి గింజకే సాధ్యం. తడి అడవి చెట్టుకు అంత ఓపిక లేదు. అందుకే అరుదైన తాళజాతి మొక్క ధరలో సగం దాని గింజ చేతులు మారిన వేగానికి, మిగతా సగం దాన్ని పెంచినవాడు కాచుకున్న ఏళ్లకు పోతుంది.

తాడి గింజ నుంచి వచ్చే గేగుల సంగతి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. కోస్తా జిల్లాల్లో వీటినే తేగలంటారు. రాలిన తాడిపండ్లు తిని పిల్లలు పారేసిన బుర్రల్ని ఊళ్లలో ఒకచోట మట్టిలో పరిచి కప్పుతారు. నాలుగు నెలల తర్వాత తవ్వితే ఒక్కో బుర్ర నుంచి జానెడు, మూరెడు పొడవున తెల్లటి ఊచలాంటిది కిందికి దిగి ఉంటుంది. ఉడికించో కాల్చో, పైపొర ఒలిచి, నార తీసి తింటాం. బుర్ర పగలగొడితే లోపల దూదిలా మెత్తటి తియ్యటి గుంజు ఉంటుంది. తినేటప్పుడు ఎవరూ ఆలోచించరు గానీ, అక్కడ జరుగుతున్నది గొప్ప ఏర్పాటు. మిగతా గింజలు మొలకను పైకి పంపితే, తాడి గింజ తన బిడ్డను ఒక గొట్టంలో పెట్టి ముందు భూమి లోపలికి దించుతుంది. నిప్పు తగలకుండా, మేక నోటికి అందకుండా, తడి ఉన్న లోతుకు చేర్చాక అక్కడి నుంచి ఆకును పైకి పంపుతుంది. గుంజు పని గింజలోని తిండిని కరిగించి ఆ గొట్టం గుండా బిడ్డకు అందించడం.

సరిగ్గా ఇదే పని, ఇంతకు ఎన్నో రెట్లు పెద్దగా చేసే అన్న ఒకడున్నాడు తాడికి. హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దేశానికి చెందిన ప్రాలిన్, క్యూరియస్ అనే రెండు దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని చెట్టు. దాని కాయను సముద్రపు కొబ్బరి అంటారు, జోడు కొబ్బరి అని కూడా అంటారు. గింజ 25 కిలోల దాకా తూగుతుంది. లోకంలో ఇంతకంటే బరువైన విత్తనం లేదు. లేతగా ఉన్నప్పుడు లోపల ముంజలాంటి గుజ్జే ఉంటుంది. కాయ పండడానికి 6, 7 ఏళ్లు పడుతుంది. మొలకెత్తేటప్పుడు దాని గేగు మీటర్ల దూరం నేలలో పాకి వెళ్లి, తల్లి నీడకు ఎడంగా బిడ్డను దించుతుంది. వృక్షశాస్త్రం లెక్కలో తాడి, ఇది ఒకే తెగ. గేగు తిన్న ప్రతి మనిషీ ఆ వింత చెట్టు పుట్టుకను చిన్నరూపంలో చూసినట్టే.

ఆ కాయకు పట్టిన ధర కథ వింటే అరుదైన వస్తువు గుట్టు సగం తెలిసిపోతుంది. శతాబ్దాల పాటు ఈ కాయలు ఒట్టి డొల్లలుగా కెరటాల మీద కొట్టుకొచ్చి మాల్దీవుల ఒడ్డున, భారతదేశపు ఒడ్డున పడేవి. చెట్టును చూసినవాళ్లు లేరు. సముద్రం అడుగున ఏదో మహావృక్షానికి కాస్తాయని జనం నమ్మారు. మాల్దీవుల్లో ఒడ్డున దొరికిన కాయ రాజు సొత్తు, దాచుకుంటే శిక్ష. విషానికి విరుగుడని వైద్యులు నమ్మారు. ఫకీర్లు సగానికి కోసి భిక్షాపాత్రలు చేసుకున్నారు. యూరప్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఒక్క కాయకు 4,000 బంగారు నాణేలు ఇవ్వజూపాడని చెబుతారు. 1768లో ఫ్రెంచి ఓడవాళ్లు ప్రాలిన్ దీవిలో చెట్లను కళ్లారా చూశారు. వెంటనే ఒకరు కాయల్ని ఓడకెత్తి భారతదేశపు బజారుకు తెచ్చేసరికి, ధర ఒక్కసారిగా కూలిపోయింది.

గమనించాల్సింది ఇక్కడే. ఆ రోజుకీ ముందు రోజుకీ దీవిలో చెట్ల సంఖ్య మారలేదు. చెట్టు ముందెంత అరుదో తర్వాతా అంతే అరుదు. పడిపోయింది మన అజ్ఞానానికి కట్టిన ధర. ఇప్పుడు సీషెల్స్ ప్రభుత్వం ఒక్కో కాయకు అనుమతి పత్రం ఇచ్చి మరీ లెక్కగా అమ్ముతోంది.

మన దేశంలో ఆ చెట్టును కలకత్తా పక్కన హౌరాలోని బొటానికల్ గార్డెన్‌లో పెంచారు. 1894లో నాటిన గింజ అది. 94 ఏళ్లకు, 1988లో మొదటిసారి పూసింది. పూస్తే తెలిసింది, ఆడచెట్టని. దగ్గర్లో మగచెట్టు లేదు. తోట శాస్త్రవేత్తలు విదేశాల నుంచి పుప్పొడి తెప్పించి చేత్తో అద్దారు. ఒకసారి విఫలమైతే మళ్లీ ప్రయత్నించారు. థాయ్‌లాండ్ తోట నుంచి వచ్చిన పుప్పొడితో చివరికి కాయ నిలిచింది. గింజ నాటినవాళ్లలో ఎవరూ ఆ పువ్వును చూసి ఉండరు. ఆ చెట్టుకు విలువ కట్టాలంటే, ఒక తోట తన పనివాళ్ల నాలుగు తరాల చేత నీళ్లు పోయించిన ఓపికకు కట్టాలి.

బాసర దగ్గర తెలంగాణలోకి వచ్చే గోదావరి సముద్రంలో కలవబోయే ముందు రాజమహేంద్రవరం దిగువన కడియం నర్సరీల పక్క నుంచి పోతుంది. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, ఏ ఊరు చూసినా మొక్కలే. హైదరాబాద్ విల్లాలకు, హైవే డివైడర్లకు లారీల మీద వెళ్లే తాళజాతి మొక్కలు చాలావరకు అక్కడి నుంచే బయల్దేరతాయి. వాటిలో రెండింటికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది.

ఒకటి బాటిల్ పామ్. అడుగున సీసాలా ఉబ్బి, మెడ సన్నగా, నెత్తిన నాలుగైదు మట్టలు. ఫంక్షన్ హాలు గేటుకు రెండు పక్కలా జంటగా నిలబెడతారు. దాని పుట్టిల్లు మారిషస్ పక్కన ఉన్న రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవి. నావికులు అక్కడ వదిలిన మేకలు, కుందేళ్లు మొలిచిన ప్రతి మొక్కనూ మేసేశాయి. ఒక దశలో ఆ దీవిలో మిగిలిన పెద్ద చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1970లలో మేకల్ని, 1986లో కుందేళ్లను పూర్తిగా తొలగించాకే అక్కడ మళ్లీ మొలకలు లేచాయి. ఆ చెట్టు పుట్టింట్లో చావుబతుకుల్లో ఉన్న రోజుల్లో, పరాయి తోటల్లో లక్షల్లో పెరిగింది. మొక్కలు పోగుచేసేవాళ్ల పిచ్చి అక్కరకొచ్చిన సందర్భం ఇది. మనసారా ఒప్పుకోవాలి.

రెండోది ఫాక్స్‌టెయిల్ పామ్. మట్ట చుట్టూ ఆకులు కుచ్చులా లేచి నక్కతోకలా కనిపిస్తుంది. ఆస్ట్రేలియా ఈశాన్య కొసన కేప్ మెల్విల్ అనే బండరాళ్ల కొండల్లో తప్ప మరెక్కడా లేని చెట్టు. అక్కడి ఆదివాసులకు తరతరాలుగా తెలుసు. బయటి లోకానికి 1978 దాకా తెలియదు. 1983లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు, ఆ కొండల జ్ఞానమంతా ఒంటపట్టించుకుని 1978లో కన్నుమూసిన వోడ్యెటి అనే ఆదివాసీ పెద్దమనిషి పేరే చెట్టుకు పెట్టారు. ఆ మర్యాద గుర్తుపెట్టుకోదగ్గది. అయితే పేరు బయటికి రాగానే ప్రపంచమంతా ఆ గింజల మీద పడింది. నేషనల్ పార్కులోకి దొంగలు చొరబడి గింజలు దోచుకున్నారు, క్వీన్స్‌లాండ్‌లో అది రాజకీయ దుమారమైంది. తర్వాత తోటల్లో పెరిగిన చెట్లే కాయడం మొదలుపెట్టాయి. దొంగ గింజలకు గిరాకీ పోయింది. ఒకప్పుడు దొంగతనం చేసి తెచ్చిన ఆ చెట్టు ఇవాళ నర్సరీల్లో అడుగుల లెక్కన అమ్ముడవుతోంది.

సముద్రపు కొబ్బరికి జరిగిందే దీనికీ జరిగింది. ధర పడింది. ఒక్క తేడా ఉంది. ఈసారి దోచుకున్నవాళ్లకూ పెంచుకున్నవాళ్లకూ లాభం దక్కింది, కేప్ మెల్విల్ కొండల మనుషులకు మిగిలింది ఒక పేరు.

తెలుగు నేల కూడా ఈ గింజల లోకంలో పాతకాపే. 1781 నుంచి విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ వైద్యుడు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తూ మొక్కల మీద పడ్డాడు. దేశీయ చిత్రకారుల్ని పెట్టుకుని వందల మొక్కల బొమ్మలు గీయించాడు. లండన్‌లో అచ్చయిన అతని కోరమాండల్ మొక్కల సంపుటాల్లో 300 బొమ్మలు ఉన్నాయి. బొమ్మ పక్కన తెలుగు పేరు కూడా అడిగి రాసుకునేవాడు. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే పొట్టి ఈతను కూడా వర్ణించి ఒక శాస్త్రీయ నామం పెట్టాడు. కరువు రోజుల్లో ఆ ఈత దవ్వను పిండి చేసుకుని జనం ప్రాణాలు నిలుపుకునేవారు. లాటిన్‌లో అతను పెట్టిన పేరుకు అర్థం కూడా పిండినిచ్చేదనే. జీలుగు చెట్టు ఒక్క రోజులో వంద పైంట్ల కల్లు ఇస్తుందని అతను రాస్తే ఇంగ్లండులో ఆశ్చర్యపోయి ఉంటారు. మన్యంలో జీలుగు కింద కుండ కట్టేవాళ్లకు అది రోజూ చూసేదే.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు అధికారిగా వెళ్లాడు. శ్రీతాళానికి తోబుట్టువైన మరో చెట్టును బెంగాల్లో గుర్తించి, అక్కడివాళ్లు పిలిచే పేరు విని, తాలియేరా అని శాస్త్రానికి అందించాడు. ఈ రెండింటికీ ఒకటే లక్షణం. దశాబ్దాల పాటు ఆకులే వేస్తాయి. శ్రీతాళం ఆకు ఒకటి విప్పితే కింద మనుషులు గుంపుగా నిలబడొచ్చు. దాని లాటిన్ పేరుకు అర్థమే గొడుగు పట్టేదని. 30 నుంచి 80 ఏళ్ల మధ్య ఎప్పుడో ఒకనాడు నెత్తి మీద నుంచి 6, 8 మీటర్ల ఎత్తున, కొమ్మలు కొమ్మలుగా, లక్షల పూలతో ఒక మహా పూగుత్తి లేస్తుంది. వృక్షలోకంలో కొమ్మలు వేసే పూగుత్తుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. దాదాపు ఏడాదికి కాయలు పండి రాలతాయి. కాండంలో కూడబెట్టిన పిండంతా ఆ ఒక్క కాన్పుకే ఖర్చవుతుంది. కాయలు రాలాక చెట్టు నిలువునా ఎండి కూలిపోతుంది.

బ్రెజిల్‌లో రియో నగరపు ఫ్లమెంగో పార్కులో 1960లలో బుర్లె మార్క్స్ అనే తోటల శిల్పి నాటించిన శ్రీతాళాలు ఈమధ్య పూతకొస్తే, చూడటానికి జనం కుటుంబాలతో తరలివచ్చారు. తాలియేరాకు ఆ అదృష్టం లేకపోయింది. 1979లో శాంతినికేతన్ దగ్గరి ఒక ఊళ్లో ఒంటరిగా మిగిలిన చెట్టు నెత్తిన కొమ్ములు మొలిచినట్టు పూత లేచింది. అటువంటిది అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు. దెయ్యం చెట్టని భయపడి నరికేశారు. కాయ కాయకముందే పోయింది. సహజంగా పెరిగినవాటిలో తెలిసిన చివరి తాలియేరా అదే.

ఆ ఊరివాళ్లను తప్పుపట్టడానికి మనసు రాదు. 60, 70 ఏళ్లకు ఒకసారి జరిగే సంగతిని మనవడికి చెప్పాలంటే, చూసిన తాత బతికుండాలి. చెప్పే తాత లేకపోతే చెట్టు దెయ్యమే అవుతుంది. అరుదైన చెట్టుకు గొడ్డలి కంటే ముందు మతిమరుపు తగులుతుంది.

మడగాస్కర్‌లో ఇదే కథ మరో దారి పట్టింది. అక్కడ వాయవ్య మూల జీడితోట నడిపే గ్జేవియర్ మెట్జ్ కుటుంబంతో షికారు పోతూ ఒక సున్నపురాతి గుట్ట కింద, ఎన్నడూ చూడని మహా తాళవృక్షం పూతలో ఉండటం గమనించాడు. 18 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల ఆకులు. లండన్ క్యూ తోట శాస్త్రవేత్తలు ఫొటోలు చూసి నివ్వెరపోయారు. 2008లో దానికి తహీనా అని పేరు పెట్టారు. కాపాడుకోవాల్సినది అని మలగాసీ భాషలో అర్థం, మెట్జ్ కూతురి పేరు కూడా అదే. అదీ పూసి చచ్చిపోయే రకమే. అప్పటికి తేలిన చెట్లు వందలోపు.

ఫాక్స్‌టెయిల్‌కు పట్టిన గతి దీనికి పట్టకుండా ముందే జాగ్రత్తపడ్డారు. దొంగలు వచ్చేలోపే గ్రామస్తులతో మాట్లాడి, గింజలు లెక్కగా ఏరి, కొన్ని విత్తన భాండాగారానికి, కొన్ని ప్రపంచంలోని తోటలకు పంపి, మిగిలినవి జర్మనీకి చెందిన ఒక విత్తన వ్యాపారి ద్వారా మొక్కల సేకర్తలకు అమ్మించారు. వచ్చిన డబ్బు ఆ చెట్టును కాపలా కాసే ఊరికి చేరింది. మొక్కలు పోగుచేసేవాడి జేబులోని పైసా చెట్టు పుట్టిన ఊరికి వెళ్లే ఏర్పాటు ఇది. మిగతా కథల్లో లేనిది ఇదే. అరుదైన తాళజాతి మొక్క విలువను ఈ ఒక్క లెక్కతో తూచితే చాలనిపిస్తుంది. దాని ధరలో ఎంత భాగం ఇంటికి తిరిగి వెళ్లింది? తాడిచెట్టు ఎక్కే గౌండ్లాయనకు ఆ లెక్క కొత్త కాదు. చెట్టు ఏడాదంతా అన్నం పెడుతుంది కాబట్టే దాని మొవ్వు మీద కత్తి దిగకుండా చూసుకుంటాడు.

తాలియేరా కథ శాంతినికేతన్‌లో అయిపోలేదు. ఢాకా యూనివర్సిటీ ఆవరణలో ఎవరూ పట్టించుకోని ఒక చెట్టు నిలబడి ఉంది. శాస్త్రవేత్తలు చూసి, ఇది అదేనని పోల్చారు. ఈసారి దెయ్యమని ఎవరూ అనలేదు. 2008లో అది పూసింది. చుట్టూ కాపలా ఉంది, కాయలు పండేదాకా ఆగారు. చెట్టు తన పద్ధతిలో ఎండిపోయింది. గింజలు మొలిచాయి, మొక్కల్ని ఢాకాలోనూ బయటా తోటల్లో పంచి నాటారు. ఈ వసంత పంచమికి బాసరలో ఏడుస్తూ ఓనమాలు దిద్దిన పిల్లలకు జుట్టు నెరిసే నాటికి వాటిలో కొన్ని పూతకొస్తాయి.